కత్తిరి ఎండల్లో కుక్కల కాపురం

కత్తిరి మొదలైందంటే తిరుపతిలో పొద్దున తొమ్మిదికే మిద్దె మీద కాలు పెట్టలేరు. ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున జనం పనులన్నీ సాయంత్రానికి వాయిదా వేసుకుని, ఫ్యాను కింద చేరి, నన్నారి షర్బత్ కలుపుకుంటారు. అదే ఇంట్లో నాలుగు కుక్కలుంటే వాటికి నీడ, నీళ్లు, గాలి చూడాల్సింది ఇంటివాళ్లే. ఆ ఓపిక లేనివాళ్లు ఇక్కడ ఒక్క కుక్కను కూడా పెంచకూడదు.

కుక్కలు ఎక్కువున్న ఇంట్లో వేసవి పద్ధతులన్నీ వాటివే. తెల్లవారుజామున ఐదింటికే గేటు దగ్గర గీకుడు మొదలవుతుంది. ఏడు లోపల తిరిగి రాకపోతే తారు రోడ్డు అరికాళ్లను కాల్చేస్తుంది. అరచేతి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు రోడ్డుకు ఆనించి ఉంచలేకపోతే, ఆ దారిన కుక్కను నడిపించకూడదు. ఇంటికొచ్చాక చల్లటి చోటు కోసం పోటీ. వంటగదిలో కడప బండ పరిచిన మూల పెద్దదానిది. చిన్నది దాని వీపుకు ఆనుకుని, కొంచెం కొంచెంగా జరుగుతూ సగం బండ సంపాదిస్తుంది. నీళ్ల గిన్నె పెడితే ఒకటి తాగుతుంది, ఇంకొకటి ముందు కాళ్లు రెండూ అందులో పెట్టి నిలబడుతుంది, మూడోది మూతితో నెట్టి బోర్లిస్తుంది. అల్లరి అని కసురుకుంటారు గానీ, అరికాళ్లకు ఆ తడి హాయి. ఒకే గిన్నె ఉన్న ఇంట్లో మధ్యాహ్నానికి గుర్రుమనడం, ఆ తర్వాత కొట్లాట తప్పవు. బోర్లా పడని బరువైన మట్టి తొట్లు రెండు మూడు చోట్ల దూరం దూరంగా పెడితే సగం గొడవ తీరిపోతుంది.

మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్లలో తప్ప పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ప్రధాన ఆధారం. మామూలుగానే దాని ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. బ్రిటన్‌లో 2016లో పశువైద్యుల సంరక్షణలో ఉన్న తొమ్మిది లక్షలకు పైగా కుక్కల రికార్డులు పరిశీలించి 2020లో ఒక అధ్యయనం వెలువరించారు. లాబ్రడార్‌తో పోలిస్తే చౌచౌకు వడదెబ్బ ముప్పు దాదాపు 17 రెట్లు, బుల్‌డాగ్‌కు 14 రెట్లు, పగ్‌కు మూడు రెట్లు ఎక్కువని తేలింది. వడదెబ్బ తగిలిన ప్రతి ఏడింటిలో ఒకటి చనిపోయింది. ఎండలో కూర్చున్నందుకన్నా పరుగులు, ఆటల వల్లే ఎక్కువ కుక్కలు పడిపోయాయి. బ్రిటన్ ఎండకే అంత జరిగితే, రేణిగుంట రోడ్డు మీద మధ్యాహ్నం మూడింటికి పగ్‌ను నడిపించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

సైబీరియా మంచు కోసం పుట్టిన హస్కీని చిత్తూరులో కొనడం తప్పు. ఏసీ గది ఉంది కదా అంటారు. కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ గదిలో దాని పరిస్థితి ఏమిటి? రెండు పొరల బొచ్చును గొరిగించేయడం కూడా మందు కాదు, ఎండను కొంత అడ్డుకునేది ఆ బొచ్చే. పక్కనే తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై జాతులున్నాయి. కర్ణాటకలో ముధోల్ ఉంది. రాజపాళయం, ముధోల్ బొమ్మలతో తపాలా శాఖ 2005లో స్టాంపులు కూడా వేసింది. మన ఆంధ్రకు కొల్లేరు ప్రాంతపు జోనంగి ఉంది. పొట్టి బొచ్చు, మొరగడం తక్కువ, నేలలో గుంత తవ్వుకుని అందులో పడుకునే అలవాటు. వీధిలో పుట్టిన నాటు కుక్కపిల్లకైతే ఈ ఎండ పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. ఇంట్లో మూడో కుక్క, నాలుగో కుక్క కావాలనుకునేవాళ్లు ముందు వీటి వైపు చూడాలి.

తిండి విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సినవి ఉన్నాయి. తిరుపతిలో లడ్డూ లేని ఇల్లుండదు. ప్రసాదమే కదా అని పిల్లలు ప్రేమతో ఒక ముక్క కుక్క నోట్లో పెడతారు. అందులోని కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణమై ఉండొచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. చింతపండులోనూ అదే ఆమ్లం ఉంది. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలను 2022లో ఒక పశువైద్య పత్రికలో ప్రచురించారు. కాబట్టి పులిహోర కూడా వద్దు. రాగి సంగటి, పెరుగన్నం కొద్దిగా పెట్టొచ్చు గానీ, ఎండాకాలం మజ్జిగలో వేసుకునే ఉల్లిపాయ ముక్కలు ఆ గిన్నెలో పడకూడదు. ఉల్లి కుక్క రక్తకణాలను విరగ్గొడుతుంది. ఇక మామిడి. తోతాపురి కాయలు ట్రాక్టర్లలో జ్యూస్ ఫ్యాక్టరీలకు పోయే కాలం, ప్రతి ఇంటి చెత్తబుట్టలోనూ టెంకలే. గుజ్జు వాసనకు కుక్క టెంకను మింగిందంటే పేగులో అడ్డం పడుతుంది. ఆపరేషన్ తప్ప దారి ఉండకపోవచ్చు.

పిడుదుల సంగతి క్లుప్తంగా: వేడికి అవి త్వరత్వరగా పెరుగుతాయి, ఒక కుక్కకు పట్టాయంటే నాలుగింటికీ మందు వేయించాల్సిందే.

అన్నిటికన్నా బాధ పెట్టేది గొలుసు. పొద్దున పంచ నీడలో కట్టేసిన కుక్క మధ్యాహ్నానికి ఎండలో ఉంటుంది. నీడ జరిగినా గొలుసు జరగదు. కుక్కను మితిమీరి పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తగినంత నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా రూ.10 నుంచి రూ.50. ఆ అంకెలను ఇప్పటికీ పెంచకపోవడం పార్లమెంటు చేస్తున్న అన్యాయం.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఈ ఎండల్లోనే ధర్మరాజస్వామి గుళ్లలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర అగ్నిగుండం. తనతో వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజును ఏటా కొలిచే ప్రాంతం ఇది. ఇక్కడి ఇళ్ల ముందు కుక్కలు దప్పికతో రొప్పడం చూడలేం.

కుక్క నోటి నుంచి చిక్కటి చొంగ కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, నడక తూలితే నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోయండి, ఫ్యాను పెట్టండి. తడి దుప్పటి మాత్రం కప్పకండి, అది వేడిని లోపలే బిగబడుతుంది. ఒళ్లు చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. దాని ఫోన్ నంబరు, మీకు దగ్గర్లోని పశువుల ఆసుపత్రి ఫోన్ నంబరు ఈరోజే రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.