రోటిలోని గసగసాలు

గత మాసమున మా యింట శుభకార్యమునకై పుంగనూరునుండి మా అత్తగారును, కుప్పమునుండి మా చెల్లెలును మదనపల్లెకు వచ్చిరి. అత్తగారు రోట గసగసాలు నూరుచు, "గుప్పెడు గసగసాలకు ఇంత వెలయా! పెరటిలో చల్లుకొనరాదా?" అనిరి. అది నేరమని చెప్పగా విస్తుపోయిరి. గింజలు మత్తు నీయవు. కాని ఆ మొక్క పచ్చికాయను గాటుపెట్టిన కారెడు పాలే నల్లమందు. కావున 1985 నాటి చట్టము ననుసరించి, ప్రభుత్వపు అనుమతి లేనిదే ఆ పంట వేయరాదు. పొయ్యిమీది తేనీరు దించుచు మా చెల్లెలు, "వంటింటి గింజతో రాజ్యమునకేమి పని అక్కా?" అని యడిగినది. ఆమెకు చెప్పినదే సోదరీమణులకును విన్నవించుచున్నాము.

సమాధాన మామె చేతి పాత్రలోనే యున్నది. 18వ శతాబ్దమున ఆంగ్లేయులకు తేయాకుపై మక్కువ హెచ్చెను. అది చీనానుండి రావలెను. చీనావారు దానికి వెండినే కోరిరి. వెండి తరలిపోవుట కోర్వలేక ఈస్టిండియా కంపెనీవారు బీహారు, కాశీ ప్రాంతముల రైతులకు బయానాలిచ్చి ఈ పంట వేయించి, నల్లమందును తాము కట్టిన వెలకే కొని, కలకత్తాలో వేలము వేసిరి. చీనాలో అది నిషిద్ధము గనుక, వేలము పాడిన వర్తకులు దొంగతనముగా చేరవేసిరి. కచుని బూడిద కలిసిన సురను త్రాగి మోసపోయిన శుక్రాచార్యుడు సురాపానమును మహాపాతకముగా విధించెను. కంపెనీవారో, తాము త్రాగక పరులచే త్రాగించిరి.

1839లో లిన్ జెషు అను చీనా అధికారి 20,000 పెట్టెలకు పైగా నల్లమందును పట్టి నాశనము చేయించెను. దానిపై ఆంగ్లేయులు యుద్ధమునకు దిగిరి. మదరాసు సైన్యపు 37వ పటాలమును ఓడలెక్కించిరి. ఆ సైన్యమున తెలుగు సిపాయిలు పెక్కుండ్రు. 1841 మే 30న కాంటన్ చెంత సాన్‌యువాన్‌లీ ప్రాంతమున కుంభవృష్టిలో తుపాకులు తడిసి పేలకపోగా, సుమారు 60 మంది సిపాయిలను వేలకొలది చీనా పల్లెజనము చుట్టుముట్టెను. తుదకు వేరొక దళము వచ్చి విడిపించెను. ఒకవంక తమ యూరిని కాచుకొను రైతులు, వేరొకవంక జీతమునకై కడలి దాటిన సిపాయిలు. వారికి వీరిపై పగ యేమి? లాభము మాత్రము మూడవవానిది.

1842 నాన్‌కింగ్ సంధిచే చీనా హాంకాంగును, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లను సమర్పించుకొని, ఐదు రేవులను తెరచెను. 1856లో మొదలైన రెండవ యుద్ధము ముగియక మునుపే నల్లమందు దిగుమతికి చట్టసమ్మతి కలిగెను.

ఇది పరదేశపు పాతకథ యని తలపకుడు. నల్లమందు వేలమును తలచినపుడు మాకు మన సారా పాటలు జ్ఞప్తికి వచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు దిద్దిన చేతులతోనే, సారాను తమ యూరినుండి వెడలగొట్టిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకగా 1993లో సారాయు, 1995లో సమస్త మద్యమును నిషిద్ధము లయ్యెను. 1997లో ఖజానాకు రాబడి చాలదని మద్యమును మరల రానిచ్చిరి. సారా నిషేధము మాత్రము నిలిచెను.

ఖజానా మత్తుపై బ్రతుకునంతకాలము యుద్ధము సముద్రము దాటనక్కరలేదు. మన గడపలోనే జరుగును. అట నెగ్గినను ఓడినను గాయము ఇల్లాలిదే. కావున ఓటడుగ వచ్చినవారిని, "అయ్యా, రాజ్యపు రాబడిలో మద్యపుపాలెంత? దానిని తగ్గించుటకు మీరేమి చేసెదరు?" అని ప్రతి సోదరియు ప్రశ్నింపవలెనని మా మనవి.

మా అత్తగారు ఆ పూట గసగసాలు మాని కొబ్బరి నూరిరి. కూర రుచికేమియు లోటు రాలేదు.