పాత డెక్కు పీకించే ముందు...

కారు పాతదే కానీ కండిషన్‌లో ఉంది. ఇంజిన్‌కి ఢోకా లేదు. ఏసీ చల్లగానే వస్తోంది. లోటల్లా ఒక్కటే... పాటలు! డ్యాష్‌బోర్డులో ఉన్నదేమో క్యాసెట్ డెక్కు. పిల్లల పాటలన్నీ ఫోన్లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంటాయి. పెద్దవాళ్ల పాటలు డిక్కీలోని అట్టపెట్టెలో ఉంటాయి. ఇలాంటి కారున్న ఇంట్లో, మొగల్తూరులో బయల్దేరి భీమవరం చేరేలోపు ఓ చిన్న పంచాయితీ ఖాయం.

‘తాతయ్యా, ఇది తీయించేసి కొత్త సెట్టు పెట్టిద్దాం’ అంటాడు మనవడు.

‘పాడుతున్నదాన్ని పీకించడమెందుకురా?’ అంటారు తాతయ్య.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మనవడి ముచ్చట ఎలా తీర్చుకోవాలో, తాతయ్య మాటలో మనం పట్టించుకోని సంగతేమిటో ఈవారం చూద్దాం.

అటు ముప్పై... ఇటు ముప్పై

ఫిలిప్స్ సంస్థ క్యాసెట్‌ని మొదటిసారి ప్రపంచానికి చూపించింది 1963లో. మనవైపు ఇళ్లలో దాని వైభోగమంతా ఎనభైలు, తొంభైలలోనే. కృష్ణంరాజు, చిరంజీవి... ఇద్దరు హీరోలను ఇచ్చిన ఊరు మొగల్తూరు. సొంతూరి హీరో సినిమా అంటే క్యాసెట్ కొనకుండా ఉంటారా! ‘ఖైదీ’ (1983) నుంచి ‘గ్యాంగ్ లీడర్’ (1991) దాకా ఆ కాలమంతా టేపు మీద తిరిగినదే.

మామూలు క్యాసెట్ నిడివి గంట. అటు ముప్పై నిమిషాలు, ఇటు ముప్పై నిమిషాలు. హైదరాబాద్ ప్రయాణమంటే పక్కసీట్లో ఒకరు క్యాసెట్లు తిప్పే డ్యూటీలో ఉండాల్సిందే. రీలు బయటికొస్తే పెన్సిల్ దూర్చి చుట్టడం అందరికీ తెలిసిన విద్య. దానికితోడు సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. క్యాసెట్లకు బూజు పడుతుంది. డెక్కు లోపలి రబ్బరు బెల్టు సాగిపోతుంది. పాట ఈడ్చుకుంటూ వస్తుంది!

అంత చిన్న ఫైల్లో అంత పాటా?

ఆడియో సీడీలో ఐదు నిమిషాల పాటకు దాదాపు 50 ఎంబీ చోటు కావాలి. అదే పాట ఎంపీ3లో 5 ఎంబీకి లోపే సరిపోతుంది. మాయేమీ లేదు. తీర్థంలో డప్పులు మోగుతుంటే పక్కవాడి గుసగుస మనకు వినపడదు కదా! పాటలోనూ అంతే. పెద్ద శబ్దం చాటున పడిపోయే చిన్న శబ్దాలు చాలా ఉంటాయి. చెవికి ఎలాగూ చేరని వాటిని తీసేసి మిగతాది దాచుకోవడమే ఎంపీ3 కిటుకు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమించి దీన్ని రూపొందించారు. ‘ఎంపీ3’ అన్న పొట్టి పేరును వాళ్లు ఖాయం చేసుకున్నది 1995 జులైలో.

ఈ లెక్కన 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో 3000 పాటలు పడతాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆపకుండా విన్నా పది రోజులు!

దారులు మూడు

మొదటిది క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి అచ్చం క్యాసెట్‌లాగే ఉంటుంది. లోపల రీలు ఉండదు, ఓ వైరు బయటికొస్తుంది. దాన్ని ఫోన్‌కి తగిలించి, అడాప్టర్‌ని డెక్కులోకి తోసేస్తే చాలు. కొత్త ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు కాబట్టి బ్లూటూత్ రకం చూసుకోవాలి. డెక్కు బాగా పనిచేస్తుంటే ఖర్చు తక్కువయ్యే దారి ఇదే.

రెండోది ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి, ఏ స్టేషనూ లేని ఎఫ్ఎం నంబరును ఎంచుకుంటే పాట రేడియోలో వినిపిస్తుంది. మన ఊళ్లలో ఖాళీ నంబర్లకు కొదవ లేదు. విజయవాడ చేరేసరికి అదే నంబరు మీద ఏదో ఒక స్టేషన్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మళ్లీ మార్చుకోవాలి. పాటలో స్పష్టత కూడా కాస్త తగ్గుతుంది.

మూడోది మనవడు కోరిన దారి... సెట్టునే మార్చేయడం. పాత కార్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ డిన్ సైజు. అంటే సుమారు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. ఆ కొలతలో యూఎస్‌బీ, బ్లూటూత్ ఉన్న సెట్లు కార్ డెకార్స్ షాపుల్లో దొరుకుతాయి. పెద్ద తెర ఉన్నది కావాలంటే దానికి రెట్టింపు ఎత్తు చోటు ఉండాలి. కొనేముందు టేపుతో కొలుచుకోండి. పెట్టె మీద ‘50 వాట్స్ × 4’ అని ఉంటే మురిసిపోవద్దు. అది ఒక్క క్షణం అందుకోగల గరిష్ఠం మాత్రమే. నికరంగా వచ్చేది అందులో సగం కూడా ఉండదు. ఇంటిల్లిపాదీ వినడానికి అది చాలు.

పసుపు, ఎరుపు, నలుపు

బిగించేది షాపు కుర్రాడే అయినా నాలుగు సంగతులు తెలిసుంటే మంచిది.

* పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయమనండి. షార్ట్ సర్క్యూట్ భయం ఉండదు.

* కంపెనీ వైర్లు కోయనివ్వొద్దు. కారుకు సరిపోయే కప్లర్ వేయించండి. రేపు సెట్టు మార్చినా వైరింగ్ చెక్కుచెదరదు. సముద్రపు గాలికి రాగి తొందరగా చిలుమెక్కుతుంది. మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు మన ప్రాంతంలో ఎక్కువకాలం నిలవవు.

* మామూలుగా కొత్త సెట్లలో పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. గడియారం, స్టేషన్లు గుర్తుంచుకునేది దాంతోనే. ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే కారు ఆపినప్పుడల్లా సెట్టు అన్నీ మర్చిపోతుంది. రెండూ కలిపేస్తే నాలుగు రోజులు కదలని కారు బ్యాటరీ దిగిపోయి మొరాయిస్తుంది.

* స్పీకర్ల నెగటివ్ వైర్లను కారు బాడీకి కలపనివ్వొద్దు. కొన్ని పాత కార్లలో అలా ఉండేది. ఇప్పటి సెట్లకు అలా ఇస్తే లోపలి ఐసీ కాలిపోతుంది.

పెన్‌డ్రైవ్ సంగతి కూడా చెప్పుకోవాలి. కంప్యూటర్లో పాడుతున్న పెన్‌డ్రైవ్ కారులో పాడటంలేదంటే తప్పు సెట్టుది కాకపోవచ్చు. చాలా సెట్లు ‘ఫ్యాట్32’ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి. అందులో పాటలేమైనా ఉంటే ముందు వేరేచోట దాచుకుని, ఆ తర్వాత ఫార్మాట్ చేయండి. పాటల పేర్లు తెలుగులో ఉంటే కొన్ని సెట్ల తెర మీద ఖాళీ గళ్లే కనిపిస్తాయి. ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకుంటే గొడవ ఉండదు. నాన్నవి, అమ్మవి, పిల్లలవి... ఎవరి ఫోల్డరు వాళ్లకు చేసిపెడితే పంచాయితీ సగం తగ్గుతుంది. అయితే పాటలు ఎంచుకోవడం బయల్దేరే ముందే అయిపోవాలి. స్టీరింగ్ దగ్గరున్నవాళ్లు ఫోన్ ముట్టుకోవద్దు!

తాతయ్య మాటలో ఉన్నది...

ఇప్పుడు తాతయ్య దగ్గరికి వద్దాం. ఇంట్లోని టూ ఇన్ వన్ ఎప్పుడో పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. వాక్‌మన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చాలా ఇళ్లలో క్యాసెట్ పాడగలిగే యంత్రం ఇక ఒక్కటే మిగిలింది. అది కారులోని ఈ డెక్కు. దాన్ని పీకించి పాత ఇనుముకు వేశామంటే డిక్కీలోని అట్టపెట్టెకు తాళం వేసి తాళంచెవి గోదాట్లో పారేసినట్టే.

ఆ పెట్టెలో ఉన్నవన్నీ సినిమా పాటలు, భగవద్గీతలేనా? అయితే దిగులు లేదు. అవి మళ్లీ దొరుకుతాయి. కానీ వాటి మధ్య మనం రికార్డు చేసుకున్నవీ ఉంటాయి. అమ్మమ్మ పాడిన మంగళహారతి ఉండొచ్చు. పెళ్లిలో మోగిన సన్నాయి ఉండొచ్చు. నరసాపురం చుట్టుపక్కల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఎందరో! ఫోన్ మాట ఖరీదైన ఆ రోజుల్లో, ఉత్తరానికి బదులు గొంతు రికార్డు చేసి ఇంటికి పంపడం గల్ఫ్ కుటుంబాల్లో ఉండేది. ఇంటివాళ్లు నలుగురూ చుట్టూ కూర్చుని వినేవాళ్లు. అలాంటి క్యాసెట్‌కు ఇంకో కాపీ ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

అందుకని డెక్కు తీయించే ముందు ఒక్క పూట ఆ పెట్టె ముందేసుకోండి. మొదట పోయినా ఫర్వాలేదనుకునే క్యాసెట్ ఒకటి పెట్టి, డెక్కు రీలు నమలడం లేదని చూసుకోండి. తెల్లగా బూజు కనిపిస్తున్న క్యాసెట్‌ని మాత్రం పెట్టొద్దు. రీలు తెగొచ్చు, బూజు మిగతావాటికీ అంటుకుంటుంది. దాన్ని తెలిసినవాళ్లకే ఇవ్వండి. మిగతావి వరుసగా విని, మన ఇంటి గొంతులున్నవి పక్కన పెట్టండి. పెద్దవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకోండి. ‘ఈ గొంతు ఎవరిది? ఏ ఏడాదిది?’ అన్న ప్రశ్నలకు జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది. అట్ట మీద రాసుకోండి.

ఆ తర్వాత కాపీ చేసుకోవచ్చు. కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ‘ఆడాసిటీ’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కారు డెక్కుతోనే చేయాలనుకుంటే దాని స్పీకర్ వైర్లను నేరుగా కంప్యూటర్‌లో పెట్టొద్దు. ఆ ధాటికి కంప్యూటర్ పాడవుతుంది. మధ్యలో లైన్ అవుట్ కన్వర్టర్ ఉండాలి. కార్ ఆడియో షాపుల్లో అడగండి. మొదటి కాపీ ‘వేవ్’ ఫైలుగా దాచండి. గంట క్యాసెట్‌కు 600 ఎంబీ పైనే అవుతుంది, కానీ అందులో ఏదీ పోదు. కారులో వినడానికి దాన్నుంచి ఎంపీ3 చేసుకోండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి దగ్గర, ఇంకోటి అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గర ఉంటే ఇంకేం భయం లేదు. క్యాసెట్లను పారేయకండి. తేమ తగలకుండా డబ్బాలో పెట్టండి.

సినిమా పాట పోతే మళ్లీ దొరుకుతుంది. అమ్మమ్మ గొంతు ఏ షాపులోనూ దొరకదు. ముందు ఆ పని కానివ్వండి. కొత్త సెట్టు బిగించుకోవడానికి వచ్చే ఆదివారం ఎలాగూ ఉంది!