తంగేడు కొనుక్కునే రోజులొచ్చాయి

బతుకమ్మ పండగ దగ్గర పడుతోందంటే చాలు, మా వీధి చివర తంగేడు కట్టలు అమ్మకానికి వస్తాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పం అని గొప్పగా చెప్పుకుంటాం కానీ, అది పూసే చోటు మిగల్చడం లేదు. ఊరి బయట బీళ్ళన్నీ ప్లాట్లయిపోతున్నాయి. మిగిలిన నాలుగు పొదల్నీ పండక్కి కొమ్మలతో సహా విరిచేస్తున్నాం. ఇలాగైతే మన మనవరాళ్ళు బతుకమ్మను దేనితో పేరుస్తారు?

నా మాట ఒకటే. కాస్త పెరడు, లేదా మేడ మీద నాలుగు కుండీలు ఉన్నవాళ్ళం పండగ పూలు కొన్నయినా మనమే పెంచుకోవాలి.

"కలుపు మొక్కని కుండీలో పెంచుతావా?" అని మావారు నవ్వుతారు. జొన్న చేలో గునుగు మొలిస్తే రైతు పీకేస్తాడు, నిజమే. కలుపు మందు కొట్టిన చేలో అదీ మిగలదు. అందుకే మన కుండీలోనైనా ఉండాలంటాను. దాని విత్తనాలు నల్లగా, నిగనిగలాడుతూ ఆవాల కన్నా చిన్నగా ఉంటాయి. తొలకరికి చల్లితే దసరా నాటికి పూస్తుంది. ఎండాక కూడా రూపు చెడదు కాబట్టి కూజాలో పెడితే నెలల తరబడి ఉంటుంది.

తంగేడుకు మాత్రం నేల కావాలి. రాళ్ళ నేలైనా ఫరవాలేదు, నీళ్ళు నిలవకపోతే చాలు. గింజ పెంకు గట్టిది. వేడి నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి, ఎక్కడ పెంచదలుచుకున్నామో అక్కడే విత్తాలి. లేత పసుపు సీతాకోకచిలుకలు వచ్చి దాని ఆకుల మీద గుడ్లు పెడతాయి. గొంగళ్ళు నాలుగు ఆకులు తింటాయి, తిననివ్వండి.

ఇక ఫంక్షన్ల సంగతి. ఓణీల వేడుకైనా, గృహప్రవేశమైనా జెర్బెరాలూ కార్నేషన్లే. వాటిని గుచ్చే ఆ ఆకుపచ్చ ఇటుక ఒక రకం ప్లాస్టిక్. మర్నాడు చెత్తబుట్టలోకి పోతుంది, మట్టిలో మాత్రం కలవదు. మన అమ్మమ్మలు గుమ్మడి ఆకులు పరిచి, తంగేడూ గునుగూ వరసలుగా పేర్చి, గోపురమంత బతుకమ్మను ఏ ఇటుకా లేకుండా నిలబెట్టారు. చెరువులో వదిలితే అంతా నీళ్ళలో కలిసిపోయేది. ఇప్పుడు గునుగుకు వేసే రసాయన రంగులు కూడా మానేస్తే ఆ చెరువు ఇంకా సంతోషిస్తుంది.

బయటి పూలంటే నాకు కోపం లేదు. మనం ఎంతో మనదనుకునే బంతి కూడా ఒకప్పుడు మెక్సికో వైపు నుంచి వచ్చిందే. గుమ్మానికి బంతి దండ కట్టండి, తప్పులేదు. దాని పక్కన నూరువరహాలు, కనకాంబరం, నందివర్ధనం, పారిజాతాలకు కూడా చోటివ్వండి. ఇవన్నీ ఈ నేల ఎండకూ వానకూ అలవాటుపడ్డ మొక్కలు. చంటిపిల్లల్ని సాకినట్టు సాకక్కర్లేదు.

మా అమ్మాయి నిరుడు అడిగింది, "అమ్మా, గునుగు ఏ షాపులో దొరుకుతుంది?" అని. పూవుకి చిరునామా షాపే అనుకునే పిల్లలకి చేలూ గుట్టలూ పోయినా పోయినట్టే అనిపించదు. అదే నా భయం.

ఈసారి తంగేడు కట్ట విప్పినప్పుడు ఎండిన కాయ ఒక్కటి కనిపించినా పారేయకండి. దాచి, వచ్చే వానాకాలం పిల్లల చేతే విత్తించండి.