మనవాడైనా విచారణ, మనవాడికైనా న్యాయం

కంది శివారులో, జాతీయ రహదారికి కొంచెం లోపలగా ఉన్న ఖాళీ స్థలంలో సంక్రాంతి సెలవులకు టెన్నిస్ బంతితో క్రికెట్ పోటీలు జరుగుతుంటాయి. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలలో షిఫ్టు దిగి వచ్చిన యువకులు, సంగారెడ్డి కళాశాలల విద్యార్థులు జట్లు కట్టి ఆడతారు. మన మహల్లా జట్టుకు చందా పోగుచేయడం, బహుమతి ప్రదానానికి పెద్దలను పిలవడం మా వంటి విశ్రాంత ఉద్యోగుల పని. కొన్నేళ్ల క్రితం ఆ పోటీల సమయంలో జరిగిన ఒక సంగతిని ఇంతకాలం మేము ఎక్కడా రాయలేదు. రాయకపోవడానికి కారణం ఒక్కటే, అందులో మా తప్పు ఉంది.

జట్టులో అందరికంటే వేగంగా బంతి వేసే ఒక యువకుడు ఇంటర్మీడియట్ చదివే అమ్మాయిని బస్టాపు నుంచి ఇంటిదాకా వెంబడిస్తున్నాడనీ, ఆమె ఫొటోను స్నేహితుల ఫోన్లకు పంపాడనీ ఆమె తండ్రి మా దగ్గరకు వచ్చి చెప్పారు. మరునాడు సెమీఫైనల్. ‘ఈ రెండు మ్యాచ్‌లు కానివ్వండి భాయ్, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడదాం’ అన్నాం. ఆయన ఒక్క మాటే అన్నారు: ‘కప్పు గెలిచినవాణ్ణి ఆ తర్వాత మీరేమనగలరు సాబ్?’ ఆయన అన్నట్టే అయింది. కప్పు వచ్చింది, పూలదండలు పడ్డాయి, కూర్చోబెట్టే రోజు మాత్రం రాలేదు. ఆ అమ్మాయి చదువు మధ్యలో ఆపి జహీరాబాదులోని మేనమామ ఇంటికి వెళ్లిపోయింది.

అదే వారంలో, మ్యాచ్ ముగిశాక చాయ్ హోటల్ దగ్గర జరిగిన గొడవలో చేయి చేసుకున్నాడని మరో కుర్రవాణ్ణి జట్టు నుంచి శాశ్వతంగా తొలగించాం. అతడు గొప్ప ఆటగాడు కాడు. ఏం జరిగిందని కూడా అడగలేదు. అయిదు నిమిషాలలో పని ముగిసింది.

ఒకరికి విచారణ లేని మాఫీ, మరొకరికి విచారణ లేని శిక్ష. ఆటగాళ్లు మైదానం వెలుపల చేసే తప్పులను ఎలా శిక్షించాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా కోట్ల రూపాయల సంఘాలు కూడా ఈ రెండు పొరపాట్లే చేస్తున్నాయి. వీటి నడుమ మైనారిటీలమైన మనకు మూడో చిక్కు కూడా ఉంది. నిందపడినవాడు మనవాడైతే కళ్లు మూసుకొని వెనకేసుకు రావడమా, లేక నలుగురిలో తలవంపులని వదిలించుకోవడమా అన్నదే ఆ చిక్కు. మా అభిప్రాయంలో రెండూ తప్పే.

పన్నెండేళ్లు తేలని ప్రశ్న

ఈ మాట ఎత్తగానే మన తరంవారికి గుర్తుకు వచ్చే పేరు ముహమ్మద్ అజహరుద్దీన్. 1984–85లో ఇంగ్లండ్ జట్టుపై ఆడిన తొలి మూడు టెస్టులలోనూ సెంచరీలు చేసిన హైదరాబాదీ. 99 టెస్టులు ఆడి, 47 టెస్టులలో దేశానికి నాయకత్వం వహించారు. 2000 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే బాగోతాన్ని ఢిల్లీ పోలీసులు బయటపెట్టాక, సి.బి.ఐ. దర్యాప్తు భారత ఆటగాళ్ల వైపు తిరిగింది. ఆరోపణ ఆటతీరు గురించి కాదు, హోటల్ గదులలో, ఫోన్లలో బుకీలతో నడిచిన వ్యవహారాల గురించి. ఆ డిసెంబరులో క్రికెట్ బోర్డు ఆయనపైన, అజయ్ శర్మపైన జీవితకాల నిషేధం విధించింది. జడేజాకు, మనోజ్ ప్రభాకర్‌కు అయిదేళ్లు.

ఆ రోజుల్లో మన ఇళ్లలో వినిపించినవి రెండే మాటలు. ‘ముస్లిం కాబట్టే బలి చేశారు’ అన్నది ఒకటి, ‘కౌమ్ పరువు తీశాడు’ అన్నది మరొకటి. మైనారిటీ వర్గానికి చెందినందునే తనను లక్ష్యంగా చేసుకున్నారన్న అర్థంలో అజహర్ కూడా ఒకసారి మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. ఈ రెండు మాటల హోరులో అసలు అడగవలసిన ప్రశ్నను మనం అడగలేదు: సాక్ష్యం ఏమిటి, దాన్ని ఎవరు పరీక్షించారు, ఆయన జవాబును ఎవరు విన్నారు?

ఆ ప్రశ్న అడగడానికి న్యాయస్థానానికి పన్నెండేళ్లు పట్టింది. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టివేసింది. అప్పటికి ఆయన వయస్సు 49. అది నిజంగా తప్పు చేసినవానికి పడిన శిక్ష అయితే, దాన్ని నిలబెట్టుకోలేకపోయిన బోర్డు ఆటకు ద్రోహం చేసింది. చేయనివానికి పడిన శిక్ష అయితే, ఒక మనిషికి ద్రోహం చేసింది. ఏది నిజమన్నది ప్రజలకు ఈనాటికీ పూర్తిగా తేలలేదు. విచారణ సక్రమంగా జరగకపోతే నష్టపోయేది నిందితుడొక్కడే కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

అటెండరుకున్న రక్షణ

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసిన మాకు క్రమశిక్షణ చర్యల ఫైళ్లు కొత్త కాదు. 1991 నాటి సి.సి.ఎ. నియమాల ప్రకారం ఒక అటెండరుపై పెద్ద శిక్ష వేయాలన్నా ముందు అభియోగ పత్రం ఇవ్వాలి, అతని సంజాయిషీ తీసుకోవాలి, విచారణాధికారిని నియమించాలి, సాక్షులను ప్రశ్నించే అవకాశం కల్పించాలి. పైన అప్పీలు ఉంటుంది. సస్పెన్షన్ శిక్ష కాదు. ఆ కాలంలో కుటుంబం పస్తులుండకుండా జీవన భృతి ఇస్తారు. శిక్షలకూ మెట్లున్నాయి. మందలింపు, ఇంక్రిమెంటు నిలుపుదల, హోదా తగ్గింపు, తొలగింపు, అన్నిటికంటే పైన బర్తరఫు.

ఈ పద్ధతిలో జాప్యం ఉంది, పైరవీలున్నాయి. అది మేము కళ్లారా చూసినదే. అయినా ఏ తప్పుకు ఏ దారి అన్నది ముందే రాసి ఉంటుంది. 2021 మేలో ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో యువ మల్లయోధుడు సాగర్ ధన్‌కడ్ హత్య కేసులో ఒలింపిక్ పతక విజేత సుశీల్ కుమార్ అరెస్టయినప్పుడు, రెండు రోజులలో ఆయనను సస్పెండ్ చేసింది ఉత్తర రైల్వే. నలభై ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి సస్పెన్షన్‌లో ఉన్నట్టేనన్నది ప్రభుత్వ సర్వీసులో పాత నియమం. పతకాలు లెక్కపెట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

క్రికెట్ బోర్డు తీరు ఇందుకు భిన్నం. 2019 జనవరిలో ఒక టెలివిజన్ కార్యక్రమంలో స్త్రీలను కించపరిచే మాటలు మాట్లాడినందుకు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్‌లను ఆస్ట్రేలియా పర్యటన మధ్యలో వెనక్కి పిలిచారు. విచారణ జరపవలసిన అంబుడ్స్‌మన్ పదవిలో అప్పటికి ఎవరూ లేరు. దాంతో రెండు వారాలలోపే సస్పెన్షన్ ఎత్తివేశారు. చివరకు ఏప్రిల్‌లో జస్టిస్ డి.కె. జైన్ ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల జరిమానా విధించారు. శిక్ష న్యాయమైనదో కాదో అలా ఉంచుదాం. న్యాయమూర్తి కుర్చీ ఖాళీగా పెట్టుకొని శిక్ష ఎంతని తడుముకోవడం ఎంతటి నిర్లక్ష్యం!

శ్రీశాంత్ విషయంలో జరిగినదీ గమనించదగ్గదే. 2013 స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై జీవితకాల నిషేధం వేశారు. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ శిక్ష పరిమాణాన్ని పునఃపరిశీలించమంది. చివరకు అది ఏడేళ్లయింది. మెట్లు లేని చోట పెద్ద శిక్ష ఒక్కటే కనిపిస్తుంది, లేదా ఏ శిక్షా కనిపించదు.

‘కోర్టు వదిలేసింది కదా, ఇంకేం విచారణ?’ అని కొందరంటారు. ఉద్యోగులకు ఈ తేడా బాగా తెలుసు. నేర విచారణ వేరు, ప్రవర్తనా నియమాల విచారణ వేరు. ఇంగ్లండ్ ఆటగాడు బెన్ స్టోక్స్ 2017లో బ్రిస్టల్ నగరంలో అర్ధరాత్రి జరిగిన కొట్లాట కేసులో మరుసటి సంవత్సరం నిర్దోషిగా బయటపడ్డారు. అయినా ఆటకు అప్రతిష్ఠ తెచ్చినందుకు అక్కడి క్రమశిక్షణా సంఘం 30 వేల పౌండ్ల జరిమానా, ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం విధించింది. అప్పటికే ఆడకుండా పోయిన మ్యాచ్‌లను అందులో జమకట్టింది. ఆ తీర్పు కొందరికి తక్కువనిపించవచ్చు, కాని దాని లెక్క అందరికీ అర్థమవుతుంది.

తప్పు వేరు, పేరు వేరు

ముహమ్మద్ షమీ ఉదంతం మనకు మరింత దగ్గరిది. 2018 మార్చిలో ఆయన భార్య గృహహింస ఆరోపణలు చేశారు, డబ్బు లావాదేవీల గురించీ మాట్లాడారు. షమీ అన్నిటినీ ఖండించారు. బోర్డు ఆయన కాంట్రాక్టును ఆపి, అవినీతి నిరోధక విభాగం చేత విచారణ జరిపించింది. డబ్బు విషయంలో తప్పు కనిపించలేదనగానే అదే నెలలో కాంట్రాక్టు ఇచ్చింది. ఆ స్త్రీ చేసిన అసలు ఫిర్యాదు పోలీసులకు, కోర్టులకు మిగిలింది. ఆ ఆరోపణలు నిజమో కాదో చెప్పడం మా పని కాదు. ఫిక్సింగ్‌కు విచారణ విభాగం ఉన్న సంఘానికి, ఇంటి ఆడవారి ఫిర్యాదును ఏం చేయాలో తెలిపే దారి లేకపోయిందన్నదే మేము చెప్పదలచినది.

అదే షమీని 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో ఓటమి తర్వాత మతం పేరు పెట్టి సామాజిక మాధ్యమాలలో దూషించారు. అది క్రమశిక్షణ కాదు, విద్వేషం. విరాట్ కోహ్లీ బహిరంగంగా ఖండించారు. దాన్ని మనమూ ఎలుగెత్తి ఖండించాలి. అయితే విద్వేషాన్ని ఖండించిన నోటితోనే, ఒక స్త్రీ ఫిర్యాదుకు విచారణ కోరితే ‘ఇదీ ముస్లింలపై కుట్రే’ అనగూడదు. నిజమైన వివక్ష గురించి మనం మాట్లాడేటప్పుడు మాటకు విలువ ఉండాలంటే, ప్రతి ఆరోపణకూ అదే మాట అడ్డుపెట్టకూడదు. సాక్ష్యం దగ్గర బంధుత్వం చూడరాదని మనం చిన్ననాటి నుంచీ వింటూనే ఉన్నాం కదా!

విచారించేవారిని విచారించేదెవరు?

సంఘాలే శుభ్రంగా లేని చోట ఆటగాళ్లకు నీతులు చెప్పేదెవరు? 2023లో హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలను చక్కదిద్దడానికి సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును నియమించవలసి వచ్చింది. 2025 జూలైలో ఆ సంఘం అధ్యక్షుణ్ణే సి.ఐ.డి. అరెస్టు చేసింది. కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్‌పై లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసిన మల్లయోధురాళ్లు, కేసు నమోదు కోసం 2023లో జంతర్ మంతర్ రోడ్డుపై కూర్చోవలసి వచ్చింది, సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన ఆడపిల్లలకే ఆ గతి పడితే, కంది బస్టాపులోని అమ్మాయి మాట ఎవరు వింటారు?

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఆమోదించింది. క్రీడా వివాదాలకు జాతీయ ట్రిబ్యునల్, స్త్రీలకూ మైనర్లకూ రక్షణ కల్పించే సురక్షిత క్రీడా విధానం అందులో ఉన్నాయి. చట్టం వచ్చింది గనుక అమలును గట్టిగా అడగవలసింది మనమే. అయితే ఢిల్లీ ట్రిబ్యునల్ మన మహల్లా మైదానానికి రాదు. ఇక్కడి బాధ్యత మనదే.

మా తప్పు నుంచి మేము నేర్చుకున్నవాటిని యువజన సంఘాల, మస్జిద్ కమిటీల ముందు ఉంచుతున్నాం. పోటీలకు ముందే నియమాలు రాసి, ప్రతి ఆటగాని సంతకం తీసుకోవాలి. ఫిర్యాదును వినేవారు జట్టువారు కాకూడదు, వారిలో స్త్రీలు తప్పక ఉండాలి. ఫిర్యాదు రాగానే, ఫైనల్ ఉన్నా సరే, ఆటగాణ్ణి తాత్కాలికంగా పక్కన ఉంచాలి. అది శిక్ష కాదని అతనికీ ఊరికీ స్పష్టంగా చెప్పాలి. నెల రోజులలో ఇరువైపుల మాట విని కారణాలతో తీర్పు రాయాలి, అప్పీలుకు చోటివ్వాలి. తప్పుకు తగిన మెట్టు మీదే శిక్ష ఆగాలి. మారినవానికి తిరిగి వచ్చే దారి ఉండాలి. ఫిర్యాదు చేసినవారి పేరు బయటికి పొక్కకూడదు. నేరమైతే పెద్దల రాజీ పనికిరాదు, పోలీసులకు చెప్పవలసిందే. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక వేధింపు గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టమే చెబుతున్నది. అది తెలిసి కూడా ఆనాడు మేము మ్యాచ్ గురించి ఆలోచించాం.

సిరాజ్, నిఖత్ జరీన్ ఈనాడు మన పిల్లలకు ఆదర్శం. ఇద్దరికీ 2024లో రాష్ట్ర పోలీసు శాఖలో డి.ఎస్.పి. ఉద్యోగాలు వచ్చాయి. అంటే కానిస్టేబులుకు వర్తించే ప్రవర్తనా నియమాలే వారికీ వర్తిస్తాయి. అందువల్ల వారి గౌరవం తగ్గలేదు. మన మహల్లా ఆటగాళ్లకూ అటువంటి నియమం ఉంటే వారికీ తగ్గదు.

చాయ్ హోటల్ దగ్గర మేము వెలివేసిన కుర్రవాణ్ణి ఈమధ్య ఇంటికి పిలిచి మాట్లాడాం. ఇన్నేళ్లకు జరిగినదంతా చెప్పాడు, అందులో తనది ఎంత తప్పో కూడా చెప్పాడు. మేము క్షమాపణ అడిగాం. ఆ అమ్మాయి తండ్రి ఇంటికి కూడా వెళ్లాం. ఆయన చాయ్ ఇచ్చారు. ఆ విషయం ఎత్తలేదు, మమ్మల్నీ ఎత్తనివ్వలేదు. వచ్చే సంక్రాంతికి మీ ఊళ్లో కప్పు కొనడానికి చందా పోగుచేసేటప్పుడు, ఆ కప్పు కంటే ముందు నియమాల కాగితం సిద్ధం చేయవలసిందిగా మా మనవి.