జీతం తీసుకున్న పాటగాడే దొరికిండా మీకు?

ధూంధాం జట్టు ఎందుకు చెదిరిందని అడిగితే ఒక మేధావి ఒక్క ముక్కలో తేల్చిండు: "అమ్ముడుపోయిన్రు."

నేను జీతం తీసుకునే లెక్చరర్ని. ఆయనా అంతే. మా జీతాలతో సాహిత్యం చావలేదట. డప్పు కొట్టేటోడు జీతం తీసుకుంటేనే పాట చచ్చిందట! ఇదేం లెక్క?

2002లో కామారెడ్డిలో తొలి ధూంధాం. అక్కడి నుంచి ఊరూరా గజ్జె, గొంగడి, డప్పు. ఉద్యమ పాటకు నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం గోరటి వెంకన్నను ఇచ్చింది. వనపర్తి జిల్లా అమరచింత సాయిచంద్‌ను ఇచ్చింది. 2014లో రాష్ట్రమొచ్చింది. సాంస్కృతిక సారథిలో సుమారు 550 మందికి కొలువులొచ్చినయి. రసమయి అప్పుడు ఎమ్మెల్యే, సారథి చైర్మన్ అయిండు. వెంకన్న 2020లో ఎమ్మెల్సీ. గిడ్డంగుల సంస్థ చైర్మన్ అయిన సాయిచంద్ 2023 జూన్‌లో 39 ఏండ్లకే గుండెపోటుతో పోయిండు. బయటే నిలబడి పాడిన విమలక్క సంస్థ ఆఫీసుకు 2016లో పోలీసులు సీలేసిన్రు.

తప్పు జీతానిది కాదు, షరతుది. సారథి పని సర్కారు పథకాల ప్రచారం. నిన్న దొరను అడిగిన గొంతు, ఇయ్యాల సర్కారును అడగొద్దు. జట్టు విరిగింది అక్కడ.

గద్వాల, వనపర్తికి ఇది కొత్తనా? సంస్థానాలు పండితులను సాకినయి. గద్వాలకు "విద్వద్గద్వాల" అని పేరే పెట్టిన్రు. ఆ కవులు అమ్ముడుపోయిన్రని ఏ సాహిత్య చరిత్రా రాయలేదు. పీహెచ్‌డీ కోసం నేను చదివిన పుస్తకాల్లో దాని పేరు "రాజపోషణ". అగ్రహారం తీసుకుంటే పోషణ, వాడోడు జీతం తీసుకుంటే అమ్మకం!

అమెరికాలో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అని నలుగురి బ్యాండ్. 1968లో మొదటి ఆల్బమ్, 1972కల్లా అన్నదమ్ముల పేచీలతో ముక్కలు. పాటలు రాసింది జాన్ ఫోగర్టీ, హక్కులు కంపెనీవి. తర్వాత ఆయన కొత్త పాట తన పాత పాటలాగే ఉందని అదే కంపెనీ కోర్టుకు లాగింది! ఆయన గెలిచిండనుకోండి. కానీ సొంత గొంతు తనదేనని కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

మరి జీతం లేకుంటే స్వేచ్ఛనా? మన నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024లో ఆయన కూలిపనిలో కనిపించిండు. ఆ ఫొటో చూసి చెప్పండి, ఆకలి ఏ పాటను బతికించిందో.

అందుకే మా డిమాండ్ సూటిగా: కళాకారుడికి జీతం ఉండాలె, నోటికి తాళం ఉండొద్దు. పాట మీద హక్కు కట్టినోడి పేరనే ఉండాలె. ఇది దయ కాదు, బాకీ.

జై భీమ్.