వీధికెక్కిన సినిమా

తెలుగులో 'వీధికెక్కడం' అనే మాటకు మంచి అర్థం లేదు. పరువు పోగొట్టుకొన్నవాడే మనకు వీధికెక్కుతాడు. ఆ దృష్టితో చూచేవారికి, బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరో నగరంలో సినేబ్లోకో అనే బృందం కార్నివాల్ పండుగకు సినిమా సంగీతాన్ని డోళ్ల మీద, బాకాల మీద వాయిస్తూ ఊరేగుతుందని చెప్పితే, కళ వీధిన పడిందని పెదవి విరవడం సహజమే. నా అభిప్రాయం దీనికి భిన్నమైనది. ఆ దేశంలో వీధి నుండి సినిమా ఎంతో తీసుకొన్నది. ఇప్పుడు వీధి తన బాకీని వసూలు చేసుకొంటున్నది.

బాకీ ఏమిటో చెప్పవలసి ఉన్నది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు ఆరంభం కాకమునుపు జరుపుకొనే పండుగ కార్నివాల్. అందరెరిగిన ఆడంబరపు ఊరేగింపు ఆస్కార్ నీమేయర్ రూపకల్పన చేయగా 1984లో వెలసిన సాంబాడ్రోమ్‌లో జరుగుతుంది. అక్కడ టిక్కెట్టు కొని మెట్ల మీద కూర్చుండి చూడాలి. రెండవ రకం వీధి బృందం; దానిని బ్లోకో అంటారు. దానికి టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు. వాద్యకారుల వెంట నడిచేవాడే ప్రేక్షకుడు. రియోలో 1918లో పుట్టిన కోర్దావు దా బోలా ప్రెతా వంటి బృందం శతాబ్దం దాటి కూడ నడుస్తూనే ఉన్నది.

ఈ వీధి పాటలే బ్రెజిల్ టాకీ చిత్రాలకు తొలినాళ్ల పెట్టుబడి. 1936లో కార్మెన్ మిరాండా నటించిన 'అలో, అలో, కార్నవాల్' చిత్రానికి పేరులోనే పండుగ ఉన్నది. 1941లో స్థాపితమైన అట్లాంతిదా స్టూడియో ఏళ్ల తరబడి కార్నివాల్ పాటలతో హాస్య చిత్రాలు తీసి జనాన్ని హాళ్లకు రప్పించింది. 1942లో హాలీవుడ్ నుండి ఆర్సన్ వెల్స్ వచ్చి రియో కార్నివాల్‌ను రంగులలో చిత్రీకరించాడు. పేదల పేటలను, నల్లజాతివారిని అంతగా చూపడం నిర్మాణ సంస్థకు రుచించలేదు. ఆ చిత్రాన్ని అతడు పూర్తి చేయలేకపోయాడు. 1959లో ఫ్రెంచి దర్శకుడు మార్సెల్ కామూ తీసిన 'బ్లాక్ ఆర్ఫియస్' కాన్ నగరంలో అత్యున్నత బహుమతిని, తరువాత ఆస్కార్‌ను పొందింది. సంగీతం మనోహరమే, కాదనను. అయితే కొండ మీది గుడిసెలలో బ్రతికేవారికి ఆడిపాడడం తప్ప వేరే పని లేదన్న భ్రమను లోకానికి పంచిపెట్టినది కూడ ఆ చిత్రమే. తెర మీద ఆడినవారు వారే, చూచి మురిసినవారు మాత్రం వేరొకరు.

ఇప్పుడు ఆ దిక్కు మారింది. సినిమా హాలులో మనం చీకటిలో, మాట్లాడకుండ, ఒకరి ముఖం ఒకరు చూడకుండ కూర్చుంటాము. అక్కడ విన్న పాటను పట్టపగలు, వేలమంది నడుమ, నడుస్తూ వాయించాలంటే దాని స్వరూపమే మారాలి. మూడు మాత్రల వాల్ట్జ్ బాణీ సాంబా రెండు మాత్రల నడకలోకి ఒదగాలి. పెద్ద డోళ్లు రెండు ఒకటి అడిగినట్లు, ఒకటి బదులిచ్చినట్లు మోగుతూ ఉంటే, వయొలిన్లు మృదువుగా పలికిన దానిని ట్రాంబోన్ బిగ్గరగా పలకాలి. దీనిని అనుకరణ అనడానికి నేను ఒప్పుకోను. ఓస్వాల్ద్ దె ఆంద్రాదె అనే బ్రెజిల్ కవి 1928లోనే ఒక ప్రకటన వ్రాసి, పరదేశపు సంస్కృతిని చూచి భయపడనక్కర లేదు, దానిని తిని జీర్ణించుకొమ్మన్నాడు. బీటిల్స్ పాటలను సాంబా దరువులోకి మార్చిన సార్జెంతో పిమెంత బృందం చేసినదీ అదే.

అయితే నన్ను ఆకర్షించినది బాణీ కాదు, వాయించే చేతులు. 2000 సంవత్సరంలో ఆరంభమైన మోనోబ్లోకో వంటి బృందాలు డోలు నేర్పే తరగతులు పెట్టి, అంతవరకు వాద్యం ముట్టనివారిని సైతం కొన్ని నెలలలో ఊరేగింపుకు సిద్ధం చేశాయి. ఆఫీసులో కాగితాలు దిద్దుకొనేవాడు కార్నివాల్ నాడు మెడకు డోలు తగిలించుకొంటాడు. నిన్నటి శ్రోత నేటి వాద్యకారుడు కావడం చిన్న సంగతి కాదు.

ఇందులో నాకు నచ్చనిదీ ఉన్నది. ఆ తరగతులకు రుసుము చెల్లించాలి. బ్రెజిల్‌లో 1888 వరకు బానిసత్వం ఉండెను. అక్కడి నుండి విడుదలయిన వారి సంతతి పుట్టించిన సాంబాను ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో పోలీసులు వేటాడిరి. ఆనాడు దెబ్బలు తిన్న వాద్యాన్ని ఈనాడు రుసుము కట్టగలవారు సరదాగా నేర్చుకొంటున్నారు. ఎవరి చేతి విద్యయో తెలియకుండ వాయించడం అన్యాయమని నా వాదం. తరగతిలో దరువుతోపాటు ఈ చరిత్ర కూడ చెప్పాలి.

హైదరాబాదు వారికి ఈ మాట దూరమైనది కాదు. మన పెండ్లి ఊరేగింపులలో మోగే మర్ఫా నిజాముల సైన్యంలో చేరిన ఆఫ్రికా సిద్దీలు, అరబ్బులు తెచ్చినది. ఆ దరువుకు చిందులు వేసే పెండ్లివారిలో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆఫ్రికా అశ్వదళం నుండి వచ్చిందని ఎందరికి తెలుసు? బరాత్‌లో బ్యాండువారు సినిమా పాటలే వాయిస్తారు. కాని వారు కూలికి వచ్చినవారు, మనం వినడానికి వచ్చినవారము. ఆ గీత చెరగలేదు. కళాశాల వార్షికోత్సవాలలోనూ అంతే. డబ్బిచ్చి ఆర్కెస్ట్రాను పిలిపిస్తారు, సినిమా పాటలు తగునా తగదా అని రెండు గంటలు తర్జనభర్జన పడతారు, విద్యార్థులు కుర్చీలలో కూర్చుండి ఈలలు వేస్తారు. పాట సినిమాదా కాదా అన్నది నాకు రెండవ ప్రశ్న. వాయించేది ఎవరన్నది మొదటిది. కమిటీ పెద్దలు ఒక ఏడాది ఆర్కెస్ట్రా ఖర్చుతో నాలుగు డోళ్లు, రెండు బాకాలు కొని, మర్ఫా తెలిసిన ఒక ఉస్తాదును నెలకు నాలుగు సాయంత్రాలు రప్పించగలరేమో ఆలోచించవలసినదిగా మనవి.

2025 మార్చి 2 కార్నివాల్ ఆదివారం. ఆ రాత్రి లాస్ ఏంజెలెస్‌లో వాల్టర్ సాలెస్ చిత్రం 'ఐయామ్ స్టిల్ హియర్' ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. బ్రెజిల్ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. అది 1971లో సైనిక ప్రభుత్వం పట్టుకొనిపోగా తిరిగిరాని భర్త కోసం ఒక ఇల్లాలు చేసిన పోరాటం. నవ్వించే కథ కాదు. అయినా ఆ ఏటి కార్నివాల్‌లో జనం ఆ పాత్ర ధరించిన ఫెర్నాందా తోరెస్ ముఖాన్ని ముసుగులుగా పెట్టుకొని తిరిగారు. ఓలిందా పట్టణంలో ఆమె రూపంలో నిలువెత్తును మించిన బొమ్మను చేసి, డోళ్ల ముందు నడిపించారు.