ప్రాణౌషధముపై గుత్తాధిపత్యమా?

మందులకు లొంగని క్షయ ఊపిరితిత్తులను దినును. దానికి నిన్నటివఱకు జేసిన చికిత్స చెవులను హరించెడిది. కనామైసిన్ సూదిమందుచే వినికిడిని గోల్పోయి ప్రాణము దక్కించుకొన్నవారిలో ముంబయి వనిత నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా యువతి ఫుమేజా తిసిలే యున్నారు.

సూదిమందుతో బనిలేకుండ జేసిన మాత్ర బెడాక్విలిన్. దానిపై జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థకు మనదేశమున గల మూలపేటెంటు 2023 జులైతో ముగియవలసియుండెను. ఆ సంస్థ ఫ్యూమరేటు లవణరూపమును జూపి, 2027 వఱకు హక్కు కోరెను. తెలిసిన పదార్థముయొక్క క్రొత్తరూపము ఫలమున మిన్నగానిదే పేటెంటునకు దగదని మన చట్టపు 3(డి) నిబంధన ఘోషించుచున్నది. ఈ యిరువురు స్త్రీలును 2019లో నాక్షేపణ దాఖలు చేసిరి. 2023 మార్చిలో పేటెంటు కార్యాలయము సంస్థ యర్జీని ద్రోసిపుచ్చెను.

పరిశోధనకు బ్రతిఫలము వలదా యని కొంద ఱడుగుదురు. వలయును, ఇరువదియేండ్ల హక్కు అందులకే గదా! గడువు దీరినపిదప గోరునది ప్రతిఫలము గాదు, కప్పము.

అయినను, ఉత్తరువు వెలువడినంతమాత్రమున మాత్ర రోగినోటికి జేరదు. మాఱుమూల పల్లెయందలి పేదకును సకాలమున బరీక్షయు, తెంపులేక యౌషధమును అందించుట ప్రభుత్వముల విధి. వినికిడిలేని స్త్రీలు న్యాయమును వినిపించిరి. చెవులున్న పాలకులు విందురా?